మా ఇంట్లో రెండు ఓట్లు

2018 డిసెంబర్ 7న నా ఓటు మా మేనమామ వేశాడు. దొంగ ఓటు కాదు. నేను పక్కనే ఉన్నాను. ఆయన ఆఫీసరు ముందర కాగితం మీద సంతకం పెట్టే నాతో లోపలికి వచ్చాడు. అట్ట డబ్బా చాటున నిలబడి "ఎన్నో నంబరు అల్లుడా?" అని చెవిలో అడిగాడు. చెప్పాను. కాసేపటికి బీప్ మోగింది. "అయిపోయింది, పా" అన్నాడు.

నేను చెప్పిన బటనే నొక్కాడా? ఇప్పటికీ నాకు తెలియదు. తెలిసింది ఒక్కటే. పొద్దుగూకేసరికి నేను చెప్పిన నంబరు మా వాడకట్టు మొత్తానికి తెలిసిపోయింది. కల్లు మండువ దగ్గర "సార్ ఓటు ఎటు పడ్డదో నన్నడుగుండ్రి" అన్నాడట మామ. మనసులో ఏదీ పెట్టుకోలేని మనిషి. అదే ఆయన మంచితనం, అదే నా ఇబ్బంది.

నాకు పుట్టుకతోనే చూపు లేదు. మా ఇంటామెకు ఐదేళ్లప్పుడు జ్వరమొచ్చి చూపు పోయింది. బ్లైండ్ స్కూల్లో కలిసి చదువుకున్నాం. నేను కాకతీయ యూనివర్సిటీలో పీజీ చేసి, బీఎడ్ చేసి, ఇప్పుడు గవర్నమెంటు హైస్కూల్లో సోషల్ చెప్తున్నాను. ఉమ్మడి వరంగల్ జిల్లాలో మా ఊరు. హన్మకొండ బస్సు పోతే మళ్లీ రెండు గంటలకు గానీ రాదు. ఓటు రహస్యమని, ఎవరికి వేశావో చెప్పమని ఎవరూ బలవంతపెట్టలేరని ఏటా పిల్లలకు పాఠం చెప్పేది నేనే. చెప్తుంటే లోపల ఎక్కడో గుచ్చుకునేది.

ఇంట్లో ఇద్దరికీ చూపు లేకపోతే ఇంకో చిక్కుంది. ఓటుకు తోడు వచ్చే మనిషికి 18 ఏళ్లు నిండాలి. ఆ రోజు ఒక్కరికే తోడు పోవాలి, ఇంకొకరికి పోకూడదు. 1961 నాటి ఎన్నికల నిర్వహణ నియమాల్లో 49ఎన్ అని ఉంటుంది, అందులో ఉన్న మాట. మంచి నియమమే. లేకపోతే ఒక్కడే ఊళ్లోని ముసలోళ్లందరి చెయ్యి పట్టుకుని తిరుగుతాడు. కానీ మామ నాకు తోడైతే మా ఇంటామెకు కాలేడు. ఆమెకు పక్కింటి పెద్దమ్మ పోవాలి. అంటే రెండు ఓట్ల కోసం ఇద్దరిని బతిమాలాలి, రెండు రహస్యాలు ఇద్దరి చేతిలో పెట్టాలి. మా బిడ్డకు అప్పుడు పన్నెండేళ్లు.

ఆ నియమంలోనే ఇంకో మాట ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. తోడును తెచ్చుకోవచ్చు అని ఉంది గానీ, తెచ్చుకోవాలి అని లేదు. సొంతంగా వేయలేను అనుకున్నవాళ్లకు అదొక సౌకర్యం. 2018లో నేను ఒక్కణ్నే పోతానంటే బూత్‌లో ఉన్న ఆఫీసరు "అట్ల కుదరదు, రూల్ ఒప్పుకోదు, ఎవరినన్నా తోలుకరా" అన్నాడు. ఆయనకు తెలియదు. నాకూ తెలియదు. వెనక లైన్‌లో జనం. మామ తయారుగా ఉండనే ఉన్నాడు.

తర్వాత తీరిగ్గా కూర్చుని చదివితే తెలిసింది, ఈవీఎం మీద బటన్ల పక్కన బ్రెయిలీ అంకెలు ఉంటాయని. దాన్ని మొదట పరీక్షించి చూసింది ఎక్కడో కాదు, 2004లో హైదరాబాద్ ఆసిఫ్‌నగర్ ఉప ఎన్నికలో. 2009 నుంచి దేశమంతా పెట్టారు. అంటే 2009లో, 2014లో, 2018లో నేను నిలబడ్డ అట్ట డబ్బా చాటున నా బ్రెయిలీ నా ముందే ఉంది. దాని మీదికి ఒక్కసారి కూడా నా వేలు పోలేదు. పోయింది పక్కవాళ్ల వేలే.

మధ్యలో 2021 మార్చిలో గ్రాడ్యుయేట్ ఎమ్మెల్సీ ఎన్నిక వచ్చింది. వరంగల్, ఖమ్మం, నల్గొండ కలిపి ఒక్క సీటు, 71 మంది పోటీ. బ్యాలెట్ కాగితం న్యూస్ పేపరంత. అందులో పేర్ల పక్కన, మనకు ఇష్టమైన వరసలో 1, 2, 3 అని అంకెలు రాయాలి. నేను జీవితంలో పెన్నుతో అంకె రాసిన వాణ్ని కాదు. బ్రెయిలీ చుక్కలు పొడిచే స్లేటు, స్టైలస్ తప్ప నాకు వేరే రాత లేదు. మా స్కూల్ లెక్కల సార్ తోడొచ్చాడు. ఆయన నోరు జారని మనిషి, ఎవరికీ చెప్పలేదు. కానీ రెండో ప్రాధాన్యం చెప్పేటప్పుడు "అతనికెందుకు సార్?" అని మెల్లగా నసిగాడు. అంతే. ఆ ఒక్క మాటకే నేను మూడోది చెప్పకుండా ఆపేశాను.

2023 అసెంబ్లీ ఎన్నికలకు గట్టిగా పట్టుబట్టాను, ఈసారి ఇద్దరం ఒంటరిగానే వేద్దామని. ముందు ఓటరు లిస్టులో మా పేర్ల పక్కన వైకల్యం ఉన్నట్టు నమోదు కావాలి. దానికి ఫారం 8. మా బీఎల్వో, అంటే ఓటరు లిస్టు చూసే బూత్ లెవెల్ ఆఫీసరు, అంగన్‌వాడీ టీచరే. వైకల్యం ఎంత శాతమో చెప్పే సదరం సర్టిఫికెట్ల జిరాక్సులు తీసుకుని ఆమే చేసిపెట్టింది. అప్పట్లో సక్షమ్ అని ఎన్నికల సంఘం యాప్ కూడా ఉండేది, ఫోన్‌లో తెర మీది మాటలు చదివి వినిపించే టాక్‌బ్యాక్ పెట్టుకుని నేను అందులోనూ చూసుకున్నా.

నవంబర్‌లో నోటిఫికేషన్ రాగానే ఆమే మళ్లీ ఇంటికొచ్చింది, 12డీ ఫారాలు పట్టుకుని. "సార్, మీకిగ తిప్పల్లేదు. నలభై శాతం పైనున్నోళ్లకు ఇంట్లనే ఓటట. ఇగ ఇక్కడ సంతకం పెట్టుండ్రి, వాళ్లే పెట్టె పట్టుకొని వస్తరు" అంది. తెలంగాణలో రాష్ట్రమంతటా పెట్టడం ఆ ఏడాదే మొదటిసారి. 80 ఏళ్లు దాటినవాళ్లకు, మాలాంటివాళ్లకు. తర్వాత లోక్‌సభ ఎన్నికలకు వయసు 85 చేశారు. నోటిఫికేషన్ వచ్చిన ఐదు రోజుల్లో ఫారం ఇవ్వాలి. ఒకసారి ఇస్తే లిస్టులో పోస్టల్ బ్యాలెట్ అని మార్కు పడుతుంది, ఇక బూత్‌కు పోయి వేయడానికుండదు.

నేను సంతకం పెట్టలేదు. ఆమె నొచ్చుకుంది. పాపం, ఇంటింటికీ తిరుగుతోంది.

"అమ్మా, ఆ పెట్టెల ఏముంటది? మిషనా, కాగితమా?"

"కాగితమే సార్."

"కాగితం మీద టిక్కు ఎవరు పెడ్తరు నాకు?"

ఆమె కాసేపు మాట్లాడలేదు. "మీ బిడ్డ..." అని, "దానికింక పద్దెనిమిది నిండలే కదా" అని తనే ఆగిపోయింది.

మంచం దిగలేని మనిషికి ఆ సౌకర్యం నిజంగా వరమే, కాదనను. మా ఎదురింటి ముసలమ్మకు ఎనభై దాటింది, తుంటి ఎముక విరిగి రెండేళ్లు. పోలింగ్‌కు ముందే వాళ్లింటికి అయిదారుగురు వచ్చారు, వీడియో తీసే అబ్బాయి, పోలీసు సహా. మంచం మీదే అట్ట చాటు పెట్టారు. ముసలమ్మ "అందరూ బయటికి పోండ్రి, నేను వేసుకుంట" అని గద్దించడం మా గడపలోకి వినిపించింది. కొడుకును కూడా వెళ్లగొట్టింది. ఆమెకు కళ్లున్నాయి, కాళ్లు లేవు. ఆమెకు కాగితం ఇంటికి రావాలి. మాకు కాళ్లున్నాయి. మేం మిషన్ దగ్గరికి పోవాలి. ఫారం మాత్రం ఇద్దరికీ ఒకటే.

అన్నట్టు ఆ ఎన్నికలకు నాకు పోలింగ్ డ్యూటీ కూడా పడింది. ఆర్డర్ కాగితం హెడ్‌మాస్టర్ చదివి వినిపిస్తే స్టాఫ్ రూమంతా నవ్వు. సర్టిఫికెట్ పెట్టి తీయించుకున్నాను. నవ్వింది నేనూనూ.

నవంబర్ 30 పొద్దున ఏడున్నరకు మా ఊరి ప్రైమరీ స్కూల్‌కు పోయాం. నేను, మా ఇంటామె, రెండు తెల్ల కర్రలు. గేటు దగ్గర వాలంటీర్ పిల్లలు పరిగెత్తుకొచ్చి వీల్‌చైర్ తెచ్చారు. "కూసోండ్రి సార్." నాకు కాళ్లు మంచిగనే ఉన్నయ్ బిడ్డా అన్నా వినరు. వికలాంగులు వస్తే వీల్‌చైర్‌లో తీసుకురావాలని చెప్పి పెట్టారు వాళ్లకు, పిల్లలు అదే చేస్తున్నారు. చివరికి మా ఇంటామె తన చేతిసంచి అందులో పెట్టింది. ఖాళీ కుర్చీని తోసుకుంటూ వాళ్లు ముందు, వెనక మేం. ర్యాంపు మాత్రం బాగుంది. కర్రతో చూసుకున్నా, రెయిలింగ్ కూడా ఉంది.

లోపల పీవోకు, అంటే బూత్‌ను నడిపే ప్రిసైడింగ్ ఆఫీసరుకు, చెప్పాను: "సార్, మేమిద్దరం సొంతంగ వేస్తం. బ్రెయిలీ డమ్మీ బ్యాలెట్ ఉంటది మీ దగ్గర, ఇవ్వండి." ఆయన వెంటనే కాదనలేదు, అదే గొప్ప. సామాన్లు కదిలిన చప్పుడు. కవర్లు, సీలింగ్ మైనం, దారాలు. "ఇదేనా?" అని నా చేతిలో పెట్టాడు. మందపాటి కాగితం, ఇంకా మడత విప్పలేదు. వేళ్లకు తగిలింది. తెలుగు బ్రెయిలీలో వరసగా పేర్లు, వాటి నంబర్లు.

ఒక ఏజెంటు లేచాడు. "సార్, ఆయన తప్పు నొక్కితే ఎట్ల?"

"నొక్కితే ఆయన ఓటే గదయ్యా తప్పు పడేది. నీకేంది?" అన్నాడు పీవో. ఆయన పేరు కూడా అడగలేదు నేను. అడగాల్సింది.

అట్ట డబ్బా చాటున రెండు చేతులూ ఆనించి వెతికాను. ముందు తగిలింది వీవీప్యాట్, ఓటు చీటీ అచ్చేసే పెట్టె, ఎత్తుగా, నున్నగా. పక్కన బ్యాలెట్ యూనిట్లు రెండు. మొదటి దాని కుడి అంచున పై నుంచి కిందికి వేలు జార్చుకుంటూ వచ్చా. బటన్, పక్కన చుక్కలు. ఒకటి. రెండు. మూడు. చుక్కలు చిన్నవే గానీ స్పష్టంగా ఉన్నాయి. నాకు కావాల్సిన అంకె మీద వేలు ఆపి, పైకి పోయి మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టుకుంటూ దిగాను. మళ్లీ అక్కడే వచ్చి ఆగింది. నొక్కాను.

ఏమీ మోగలేదు.

ఇది చూపున్నవాళ్లకు తెలియదు. మీరు నొక్కగానే ఎర్ర దీపం వెలుగుతుంది, అద్దంలో చీటీ ఏడు సెకన్లు కనిపిస్తుంది, చూసుకుంటూ నిలబడతారు. మాకు ఆ ఏడు సెకన్లు ఒట్టి నిశ్శబ్దం. పడిందా? గట్టిగా నొక్కలేదా? మళ్లీ నొక్కాలా? నుదుట చెమట పట్టింది. పెట్టె లోపల ఏదో సన్నగా కదిలింది, ఆ తర్వాత పీవో టేబుల్ వైపు నుంచి బీప్, పొడుగ్గా. ఆ చీటీలో ఏం అచ్చయిందో నేను చూసుకోలేదు, చూసుకోలేను. మిషన్‌ను నమ్మాల్సిందే. మామను నమ్మినట్టు. కాకపోతే మిషన్ కల్లు మండువకు పోదు.

మా ఇంటామె నాకన్నా తొందరగా బయటికొచ్చింది. బ్రెయిలీ చదవడంలో ఎప్పుడూ ఆమెదే పై చెయ్యి. గేటు దాటాక అడిగాను, "ఎవరికేసినవే?"

"నీకెందుకు?" అంది.

పెళ్లయ్యాక మొదటిసారి ఆమె ఓటు ఎటు పడిందో నాకు తెలియదు. అంతకుముందు పక్కింటి పెద్దమ్మ వచ్చి చెప్పేది. దారి పొడుగునా రెండు మూడుసార్లు తిప్పి తిప్పి అడిగా. నవ్వింది గానీ చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు.

2024 మే 13న లోక్‌సభకూ అట్లాగే వేశాం. ఎండ తప్ప ఇబ్బంది లేదు. నిజామాబాద్‌లో ఉండే మా బ్లైండ్ స్కూల్ దోస్తు ఒకడు మాత్రం నా సంబరం విని నవ్వాడు. 2019లో అక్కడ పసుపు, ఎర్రజొన్న రైతులు నామినేషన్లు వేస్తే మొత్తం 185 మంది అభ్యర్థులయ్యారు. బూత్‌కు 12 బ్యాలెట్ యూనిట్లు పెట్టారు. "పన్నెండు పెట్టెల మీద చెయ్యి తిప్పి చూడురా, అప్పుడు చెప్పు నీ బ్రెయిలీ సంగతి" అన్నాడు.

అసలు పరీక్ష పంచాయతీ ఎన్నికలది. 2025 డిసెంబర్, మూడు విడతలు. మాకు 14న, రెండో విడతలో. ఇక్కడ మిషన్ లేదు. సర్పంచ్‌కు గులాబీ కాగితం, వార్డు మెంబర్‌కు తెల్లది. ఉంగరం, కత్తెర, ఇట్లా గుర్తులు. రబ్బరు ముద్ర గుద్ది, మడిచి, డబ్బాలో వేయాలి. మా బూత్‌లో బ్రెయిలీ కాగితం ఉంటుందా అని ముందే అడిగిస్తే లేదన్నారు.

ఒకటి ఆలోచించండి. ఎమ్మెల్యే ఎన్నికలో నా ఓటు లక్షల్లో ఒకటి. అది ఎటు పడిందో తెలిసినా ఎవడికి పట్టింది? మా వార్డులో ఓట్లు నూట అరవై చిల్లర. పోటీ చేసిన ఇద్దరూ మా వాడకట్టువాళ్లే. ఒకరు నాకు తమ్ముడి వరస, ఇంకొకరి ఇంట్లోంచి మాకు రోజూ పాలు వస్తాయి. పొద్దున ఏడు నుంచి ఒంటిగంట దాకా పోలింగ్, రెండింటికే అక్కడే లెక్కింపు. రాత్రికల్లా ఎవరి ఓటు ఎటు పోయిందో వేళ్ల మీద లెక్క వేసుకునే ఊరు. రహస్యం కావాల్సింది ఇక్కడ. ఇక్కడే నా వేలికి ఏ చుక్కా లేదు.

కాగితం మీద వేసేచోట అంధులకు ఏం చేస్తారో చదివాను. ఘనాలో, సియెర్రా లియోన్‌లో బ్యాలెట్ కాగితాన్ని కిటికీలు కోసిన అట్టలో దూరుస్తారు. ఎన్నో కిటికీయో తడుముకుని అందులో గుర్తు పెట్టడమే. ఇంత చిన్న పని! మా బిడ్డకు ఇప్పుడు పందొమ్మిది, హన్మకొండలో డిగ్రీ. అభ్యర్థులు ఇంటింటికీ పంచిన నమూనా బ్యాలెట్లు ముందర పెట్టుకుని, పెళ్లి పత్రికల అట్టలు కోసి, ఒక్కో గుర్తుకు ఒక్కో కిటికీ చేసింది. పక్కన నేను స్టైలస్‌తో అంకెలు పొడిచాను. మా ఇంటామె అట్టను నాలుగైదుసార్లు తడిమి "ఇది నడుస్తది" అంది. రెండు రాత్రుల పని.

బూత్‌లో పీవో మేడం అట్టను అటూ ఇటూ తిప్పి చూసింది. ఎవరికో ఫోన్ చేసింది. "దీని మీద ఏ గుర్తూ, పేరూ లేదు కదా సార్, ట్రై చేయండి" అంది. అంత సులువుగా ఒప్పుకుంటుందని నేను అనుకోలేదు. గులాబీ కాగితం ఇచ్చింది. అట్టలో దూర్చాను. పై అంచు సరిగ్గా ఆనింది. కింది అంచు కోసం వేలు పోనిచ్చా. తగల్లేదు. కాగితం అట్టకన్నా పొట్టిగా ఉంది, నా చూపుడువేలి కణుపంత. అంటే కింది కిటికీలకు వచ్చేసరికి ఒక గుర్తు కిటికీలో ఇంకో గుర్తు.

"ప్రచారానికి పంచేవి అసలు బ్యాలెట్ సైజులో, రంగులో ఉండొద్దు సార్" అంది మేడం, నెమ్మదిగా. నిజమే కదా. సోషల్ సార్‌ను, నాకు తట్టలేదు.

బిడ్డ పక్కనే ఉంది. కానీ మా ఇంటామె అప్పటికే "నేను ఈ అట్టల జోలికి పోను, బిడ్డనే తోలుకపోత" అని బిడ్డ పేరు రాయించేసింది. ఒకరికి ఒకరే. గుమ్మం బయటి నుంచి మామ గొంతు వినిపించింది: "అల్లుడా, నేను లేనా?" మామ పొద్దుట్నుంచీ తమ్ముడి తరఫున స్లిప్పులు పంచుతున్నాడు.

లైన్‌లోంచి ఎవరో "సార్, నేనొస్తా" అన్నారు. గొంతు గుర్తుపట్టాను. ఐదారేళ్ల కింద నా దగ్గర పదో తరగతి చదివిన పిల్లగాడు. సోషల్‌లో ఎప్పుడూ ముప్పై దాటనివాడు.

వాడికి ఒక్కటే చెప్పాను. ముద్ర నేనే గుద్దుతా, నువ్వు చోటు మాత్రం చూపించు. చాటుకు పోయాక నేను గుర్తు పేరు చెప్పాను. వాడు నా ఎడమ చూపుడువేలు తెచ్చి కాగితం మీద ఆనించాడు. వేలి పక్కనే ముద్ర గుద్దాను. వాడు వంగి సిరా మీద ఊదాడు, మడిస్తే అవతలి గుర్తుకు అంటుకుంటుందని. పొడుగునా మడిచి చేతికిచ్చాడు. తెల్ల కాగితానికీ అంతే. డబ్బా సందు తడుముకుని నేనే వేశాను. బయటికి వస్తుంటే "ఎవ్వరికీ చెప్ప సార్" అన్నాడు. అడక్కుండానే అన్నాడు.

మా వార్డు మూడు ఓట్లతో తేలింది. ఓడింది తమ్ముడు. రాత్రి మామ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. "మూడంటే మూడే అల్లుడా" అన్నాడు. తర్వాత ఇంకేదో అడగబోయి చుట్ట వెలిగించుకున్నాడు.

ఆ పిల్లగాడు మరునాడు బస్టాండ్‌లో కలిశాడు. "నమస్తే సార్" అన్నాడు. ఎప్పటిలాగే అన్నాడో, గొంతులో ఏమన్నా తేడా ఉందో అని రెండు రోజులు ఆలోచించాను.

ఆ వారమే రాష్ట్ర ఎన్నికల సంఘానికి ఉత్తరం టైప్ చేసి పంపాను. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 11వ సెక్షన్‌లో బూత్‌లు, ఎన్నికల సామగ్రి మాకు అందుబాటులో ఉంచాలని ఉంది. కేంద్ర ఎన్నికల సంఘంతో పాటు రాష్ట్రాల ఎన్నికల సంఘాల పేరు కూడా అందులోనే ఉంది. అట్ట ఎట్లా కోయాలో, ఎన్ని కిటికీలో, ఖర్చు ఎంతో కూడా రాశాను. పెళ్లి పత్రికలకు మాకు పైసా కాలేదని కూడా.

ఆ తర్వాత పాత అట్టను పారేయబోతే బిడ్డ ఆపింది. ఎంపీటీసీ ఎన్నికలూ కాగితం మీదే కదా అంది.

"అసలు కాగితం ఎంత పొట్టిగుండె డాడీ?"

చూపుడువేలు మడిచి కణుపు చూపించాను. స్కేలు తెచ్చి నా వేలికి ఆనించి కొలుచుకుంది.